నెత్తురు ఎవరిదండీ

తునిలో గున్నేశ్వరరావు గారి పూజాసామాన్ల కొట్టు తెలియదన్నవాడు తునివాడు కాదన్నమాట. కర్పూరం, అగరొత్తులు, పసుపు, కుంకుమ, వ్రతం పీట మీద పరిచే ఎర్రగుడ్డ, అన్నీ అక్కడే. అన్నవరం కొండకి వెళ్ళే పెళ్ళివారిలో సగం మంది ఆయన కొట్టు ముందు ఆగి మరీ వెళ్ళేవారు. యాభై మూడేళ్ళ మనిషి. నుదుట బొట్టు, భుజాన కండువా. "ఏం కావాలండీ" అని ఆయన అడుగుతుంటే వ్రతంలో సగం అక్కడే అయిపోయినట్టుండేది. ఆ ఇంట్లోకి వెల్లుల్లి కూడా రాదు. పిల్లల వాచకంలో కోడిగుడ్డు బొమ్మ ఉందని ఆ పేజీ మీద తెల్లకాగితం అంటించిన ఇల్లది.

అలాంటి పెద్దమనిషి ప్రతి గురువారం రాజమండ్రి వెళ్ళి మేక నెత్తురు వేపుడు తినేవాడు.

నా మీద కళ్ళెర్రజేస్తే ఏం లాభం? తిన్నది ఆయన. ఉన్నమాట చెబుతున్నాను, వినండి.

సరుకు కోసం వెళ్ళడం నిజమే. పొద్దున్నే పాసింజరు ఎక్కేవాడు. అన్నవరం దగ్గరపడగానే కొండవైపు కిటికీ తలుపు దించేసేవాడు. పక్కవాళ్ళు చూస్తే "ఎండండీ" అనేవాడు. శ్రావణమాసంలో, బయట వాన దంచికొడుతున్నా ఆయనకి ఎండే. సామర్లకోట దాటాక తలుపు ఎత్తేవాడు. అక్కణ్ణుంచి ఆయన వేరే మనిషి. హోల్‌సేలు పని పదకొండుకల్లా ముగించి, ఇన్నీసుపేట సందులో పాపాయి అనే ఆవిడ నడిపే నాలుగు బల్లల మెస్సుకి వెళ్ళేవాడు. బొట్టు తుడుచుకుని, కండువా తలపాగా చుట్టి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పాపాయి పేరూ ఊరూ అడిగేది కాదు. ఉడికించిన నెత్తురు ముక్కలు కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గసగసాల ముద్ద వేసి వేపి ఆకులో వడ్డించేది. తిన్నాక గోదాట్లో మూడు మునకలు, నోట్లో నాలుగు లవంగాలు, నుదుట కొత్త బొట్టు. పదకొండేళ్ళుగా ఇదే వరస. మానేస్తానని కోరుకొండ నరసింహస్వామికి రెండుసార్లు మొక్కుకున్నాడు. గోళ్ళతో పేగులు చీల్చిన స్వామి గనక తన మీద మరీ అంత కోప్పడడులే అని రెండుసార్లూ తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

సరే, ఎనభై నాలుగులో వెంకటరాజు అనే కుర్ర డాక్టరు మద్రాసులో చదువుకొచ్చి తునిలో బోర్డు కట్టాడు. మిగతా డాక్టర్లు జబ్బుతో వచ్చినవాళ్ళకి మందిస్తారు. ఈయన జబ్బులేనివాళ్ళని కూడా కూర్చోబెట్టి పరీక్షలు చేస్తానంటాడు. గున్నేశ్వరరావు భార్య రాజరాజేశ్వరి మోకాళ్ళ నొప్పులని వెళ్తే, ఆవిడ మోకాళ్ళు వదిలేసి మామగారు దేంతో పోయారని అడిగాడు.

"మొలలండి. నెత్తురు పోయి, పోయి, చిక్కి శల్యమై యాభై నాలుగో ఏట వెళ్ళిపోయారు."

"మొలలతో మనిషి అలా పోడమ్మా. పెద్దపేగులో క్యాన్సరు అయ్యుంటుంది. తండ్రికుంటే కొడుక్కి వచ్చే అవకాశం ఎక్కువ. బాధ తెలిసేదాకా ఆగితే ముదిరిపోతుంది. మొదట్లో అయితే కంటికి కనబడనంత నెత్తురు విరేచనంలో పడుతుంది. అది పట్టుకునే పరీక్ష నా దగ్గరుంది. ఆయన్ని పంపించండి."

ఇంక చూస్కోండి! ఆవిడ ఇంటికొచ్చి మజ్జిగ పోస్తూ "మీకు యాభై మూడు" అంది. తమలపాకులు ఇస్తూ "మావగారికి యాభై నాలుగు" అంది. రెండు రోజులు ఆ రెండు అంకెలు తప్ప ఆ ఇంట్లో మరో మాట లేదు. గున్నేశ్వరరావుకి కూడా లోపల గుబులు పట్టుకుంది. తండ్రి ఆఖరి రోజుల్లో ఎలా ఉండేవాడో ఆయన కళ్ళారా చూసినవాడు. మూడోనాడు పోయి డాక్టరు ఎదురుగా కూర్చున్నాడు.

డాక్టరు మూడు చిన్న రేకు డబ్బాలు ఇచ్చాడు. "గురు, శుక్ర, శని, మూడు రోజులు పొద్దున్నే ఒక్కో డబ్బాలో కొద్దిగా పట్టండి. ముల్లంగి, కాలీఫ్లవరు తినకండి. ఐరన్ టానిక్కులు వద్దు. ఆస్పిరిన్ వద్దు. తరవాత మాం..."

అంటూ తలెత్తి, ఎదురుగా ఉన్న బొట్టూ కండువా చూసి నాలిక్కరుచుకున్నాడు.

"అబ్బెబ్బే, అది మీతో అనే మాట కాదు లెండి. మన్నించాలి. నోటి అలవాటు."

"పర్వాలేదండి, పర్వాలేదు," అని గున్నేశ్వరరావు నిండుగా మన్నించేశాడు. ఏమిటా మాట అని అడగలేదు. మర్యాదకి పోయి డాక్టరు మింగేసిన ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది.

గురువారం మొదటి డబ్బా నింపి రైలెక్కాడు. కాలీఫ్లవరు జోలికి పోలేదు. ముల్లంగి సాంబారు పక్క వీధిలో కాస్తున్నా అటు వెళ్ళలేదు. పాపాయి దగ్గర నిష్ఠగా రెండు ఆకుల నెత్తురు వేపుడు తిన్నాడు. శుక్రవారం ఒక డబ్బా, శనివారం ఒక డబ్బా. ఆ డబ్బాలు ఇంట్లో పెట్టడానికి వీల్లేదని రాజరాజేశ్వరి పట్టుబట్టింది. కాకి ఎత్తుకుపోకుండా పెరటిగోడ మీద ఇటుక కింద పెట్టి, ఆవిడే గొడుగేసుకుని కాపలా కూర్చుంది. సోమవారం గున్నేశ్వరరావు చేతి అలవాటు కొద్దీ మూడింటినీ శుభ్రంగా పొట్లం కట్టి, పసుపుదారం చుట్టి ఆస్పత్రిలో ఇచ్చాడు. కాంపౌండరు అన్నవరం ప్రసాదమనుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ పాపం ఎవరి ఖాతాలోకి పోయిందో మనకి తెలియదు.

సాయంత్రం కబురొస్తే భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. వెంట రాజరాజేశ్వరి అన్నగారు వెంకటరత్నం కూడా బయల్దేరాడు. ఈయన తుని శాకాహార సంఘానికి అధ్యక్షుడు. పిలవని చోటికి ముందుగా వెళ్ళడం ఈయనకి ఒంటబట్టిన విద్య.

డాక్టరు మొహం బాగాలేదు. "మొదటి డబ్బా శుభ్రంగానే ఉందండి. రెండోదీ మూడోదీ మందు చుక్క వెయ్యగానే నీలమైపోయాయి. నీలమంటే నెత్తురుందని."

రాజరాజేశ్వరి అక్కడే కూలబడింది. గున్నేశ్వరరావుకి తండ్రి మంచం, దాని కింద బూడిద పోసిన పళ్ళెం కళ్ళముందు కనబడ్డాయి.

"మామూలుగా అయితే ఇక్కడో ప్రశ్న అడుగుతామండి," అన్నాడు డాక్టరు మొహమాటంగా. "ఆ రోజుల్లో మాంసం గానీ తిన్నారా అని. తింటే ఆ జంతువు నెత్తురుకి కూడా నీలం వచ్చేస్తుంది. కానీ మీ విషయంలో..."

"ఏవయ్యా డాక్టరూ!" వెంకటరత్నం కుర్చీలోంచి లేచిపోయాడు. "మా బావని ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా? ఎవరనుకుంటున్నావ్? చీమ కనబడితే పక్కకి తప్పుకుని నడిచే మనిషి!"

"అన్నయ్యా, ఊరుకో. ఆయన తెలీక అన్నారు," అంది రాజరాజేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ.

గున్నేశ్వరరావు నోరు తెరిచాడు. భార్యవైపు చూశాడు. మూసేశాడు. ఒక్క మాట అంటే చాలు, 'తిన్నానండీ' అని. అయ్యా, ఆ ఒక్క మాటే గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డంపడింది. అంటే రేపు కొట్టు మెట్లెవరెక్కుతారు? ముప్ఫయ్యేళ్ళుగా తన ఎంగిలి కంచంలో తినే మనిషి తన మొహం చూస్తుందా?

"అయితే ఆలస్యం వద్దు. కాకినాడలో సత్తిరాజు గారని పెద్ద డాక్టరు. కిందనుంచి గొట్టం పెట్టి పేగు లోపల చూస్తారు. వచ్చే సోమవారానికి రాసిస్తాను," అన్నాడు డాక్టరు.

"ఎంత గొట్టమండీ?" అన్నాడు గున్నేశ్వరరావు. అది మాత్రం గొంతులోంచి సులువుగానే వచ్చింది.

డాక్టరు రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. గున్నేశ్వరరావు గారు ఆ ఎడం వంక చూసి, కళ్ళు మూసుకుని, నరసింహస్వామిని తలుచుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని తలుచుకున్నాడో గానీ, తలుచుకున్నాడు.

ఇక ఆయనకి నిద్రాహారాలు లేవు. కొట్లో కూర్చుంటే ఒకటే లెక్క. ఆ నెత్తురు మేకదా, నాదా? మేకదైతే గొట్టమెందుకు, పరువు పోగొట్టుకోవడమెందుకు, ఏదో ఒకటి చెప్పి ఎగ్గొట్టెయ్యొచ్చు. నాదైతే? కుంకుమ అడిగినవాళ్ళకి విభూది పొట్లం ఇచ్చేవాడు. చివరికి ఉండబట్టలేక, గురువారం రాగానే రాజమండ్రి పరుగెత్తాడు. సరుకు సంగతి కూడా చూడలేదు.

"ఆయ్, రండి సావుకారు గారూ," అని పాపాయి ఆకు వేసింది.

"పాపాయీ, పోయిన గురువారం నువ్వు పెట్టావే, దాంట్లో నెత్తురు ఎంతుంటుంది?"

"నెత్తురు వేపుళ్ళో నెత్తురెంతంటే ఏం చెప్పమంటారండీ? ఉల్లిపాయలు ఏరేస్తే మిగిలిందంతా అదేనండి బాబూ."

"అది మేకదే కదా? కచ్చితంగా మేకదే?"

"మరి మా ఆయన్దనుకున్నారేంటండీ!" పాపాయికి రోషం వచ్చింది. "ఇన్నేళ్ళు తిని ఇప్పుడా అడగడం?"

గున్నేశ్వరరావు చుట్టూ చూసి, గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పేశాడు. డబ్బాలు, నీలం రంగు, గొట్టం. చెప్పి, "అది నువ్వు పెట్టిందే అయ్యుంటుందిలే. మేకదేలే," అని నవ్వబోయాడు.

పాపాయి నవ్వలేదు. గరిటె బల్ల మీద పెట్టేసింది.

"మీ నాన్నగారూ ఇదే మాటన్నారండి."

"మా నాన్నా?"

"తుని పూజాసామాన్ల కొట్టాయన కాదేంటండీ? మా అమ్మున్న రోజుల్లో వచ్చేవారు. ఈ గోడే, ఈ బల్లే. మీ ముక్కు చూసి మొదట్రోజే పోల్చేశాను. మీరు చెప్పుకోనప్పుడు మనకెందుకని ఊరుకున్నాను. ఆఖర్న ఓసారొచ్చి అమ్మతో అన్నారండి, నెత్తురు పడతందమ్మా అని. డాక్టరుకి చూపించుకోండి బాబూ అంది అమ్మ. 'ఏం తింటున్నావని అడుగుతాడే, ఏం చెప్పను? అయినా అది నువ్వు పెట్టిందేలే, మేకదేలే' అని నవ్వేశారు. మరింక రాలేదండి."

గున్నేశ్వరరావు బల్ల మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తండ్రి ఆ బల్ల మీద కూర్చున్నాడని తెలిసినందుకు కాదు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు, ఇందాక తను నవ్వబోయింది అచ్చం అదే. వడ్డించిన ఆకు ముట్టకుండా లేచిపోయాడు.

"కాకినాడ వెళ్తారా బాబూ?" అంది పాపాయి వెనకనుంచి.

"వెళ్తానే," అన్నాడు.

అన్నాడు గానీ, అనడం వేరు, ఆ బల్ల ఎక్కడం వేరు. సోమవారం కాకినాడలో సత్తిరాజు గారి గదిలో మోకాళ్ళ మీదా మోచేతుల మీదా వంగబెట్టారు ఆయన్ని. ఆకుపచ్చ దుప్పటి కప్పారు. పక్కన ఒక్క తెర, ఆ తెరవతల బెంచీ మీద రాజరాజేశ్వరి, వెంకటరత్నం. సత్తిరాజు గారు పొట్టి మనిషి, గొంతు మాత్రం రాజమండ్రి కోటగుమ్మం దాకా వినబడుతుంది. "ఏం లేదండీ, కాస్త చల్లగా ఉంటుంది!" అంటూ పళ్ళెంలోంచి గొట్టం తీశాడు. తళతళలాడే స్టీలు గొట్టం, చివర బల్బు. గున్నేశ్వరరావు చంక కిందనుంచి తొంగి చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

"తిన్నానండీ!" అని ఒక్క అరుపు అరిచాడు.

"ఏంటండీ తిన్నారు?"

"నెత్తురు వేపుడండీ! మేకదండీ! గురువారం తిన్నానండీ, ప్రతి గురువారం తింటానండీ, పదకొండేళ్ళుగా తింటున్నానండీ! అది మేక నెత్తురేనండీ, నన్నొదిలెయ్యండీ!"

తెరవతల బెంచీ దబ్బుమని పడింది. దాంతోపాటు శాకాహార సంఘం అధ్యక్షుడు కూడా పడ్డాడు. రాజరాజేశ్వరి చప్పుడు మాత్రం ఏమీ రాలేదు.

సత్తిరాజు గారు గొట్టం పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "అయితే ఆ పరీక్ష చెడిపోయినట్టేనండి. వారం రోజులు మాంసం మానేసి మళ్ళీ చెయ్యాలి."

"చేద్దామండీ! ఇప్పుడే వెళ్ళి మొదలెడతానండీ!" గున్నేశ్వరరావు దుప్పటి లాక్కుని లేవబోయాడు. సగం లేచినవాడు ఆగిపోయాడు. పాపాయి మెస్సులో బల్ల గుర్తొచ్చింది. దాని మీద కూర్చుని ఇలాగే తప్పించుకుని, ఆనక మంచం పట్టిన తండ్రి గుర్తొచ్చాడు. మళ్ళీ మెల్లగా మోచేతులు ఆనించి వంగాడు.

"మా నాన్న కూడా మేకదే అనుకున్నాడండి," అన్నాడు, దిండులోకి. "చూసెయ్యండి. ఎవరిదో తేల్చెయ్యండి."

తరవాత జరిగింది వివరించడం సభ్యత కాదు. ఆయన అరుపులకి వరండాలో ఉన్న ఇద్దరు రోగులు మందు తీసుకోకుండానే ఇళ్ళకి వెళ్ళిపోయారని మాత్రం చెబుతాను. కొంతసేపటికి సత్తిరాజు గారి పెద్దగొంతు ఒక్కసారి చిన్నదైంది.

"ఉందండి. రేగుపండంత కండ, కాడకి వేలాడుతోంది. తీసేస్తున్నాను, కదలకండి."

ఆ కండముక్క విశాఖపట్నం వెళ్ళింది. పదిరోజులకి కాగితం వచ్చింది. లోపల క్యాన్సరు అప్పుడప్పుడే మొలకెత్తుతోందట. కాడ దాకా పాకలేదు. మొత్తం వచ్చేసింది. ఏటేటా వచ్చి గొట్టం పెట్టించుకుంటే చాలన్నారు.

"ఇందులో తమాషా ఏంటో తెలుసాండీ," అన్నాడు సత్తిరాజు గారు. "ఇంత చిన్నది రోజూ నెత్తురు కార్చదు. మొదటి డబ్బా శుభ్రంగా ఉంది కదా. మీరు మాంసం మాని పరీక్ష చేయించుకుంటే మిగతా రెండూ శుభ్రంగానే ఉండేవేమో. అంతా బాగుందని ఇంటికి పంపించేసేవాళ్ళం. మూడేళ్ళ తరవాత వచ్చుండేవారు, అదీ నలుగురు మోసుకొస్తే. మేక నెత్తురు మిమ్మల్ని ఈ బల్ల ఎక్కించింది. అలాగని అది మందనుకోకండి బాబూ! మళ్ళీ పరీక్షకి ముందు తిన్నారంటే ఊరుకోను."

తునిలో వెంకటరాజు డాక్టరు మాత్రం ఆనాటినుంచి మర్యాదలు మానేశాడు. పురోహితుడొచ్చినా, భజన సమాజం వారొచ్చినా, ముందు "మాంసం తింటారా?" అని మొహం మీదే అడిగేవాడు. ఊళ్ళో సగం మంది ఆయన మీద అలిగారు. మిగతా సగం మంది తలుపు వేసి రమ్మని, నెమ్మదిగా "ఎన్నాళ్ళు మానాలండీ" అని అడిగారు. ఆ రెండో రకంలో వెంకటరత్నం ఉన్నాడో లేదో కాంపౌండరుకి తెలుసు, అతను చెప్పడు.

ఇంట్లో సంగతి వేరు. రాజరాజేశ్వరి కాకినాడనుంచి వచ్చిననాటినుంచి మాట్లాడలేదు. వండేది, వడ్డించేది, వెళ్ళిపోయేది. కాగితం వచ్చిన రోజు మధ్యాహ్నం గున్నేశ్వరరావు దాన్ని చదివి వినిపించాడు. ఆవిడ విని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, దోసకాయ పప్పు వడ్డించింది.

"తప్పయిపోయిందే," అన్నాడు గున్నేశ్వరరావు. "ఇంక తినను. ఒట్టు."

"మీరు తిన్నందుకు కాదండీ నా కోపం," అంది ఆవిడ. "నాకు చెప్పడం కంటే ఆ గొట్టమే నయమనుకున్నారు చూడండి, అందుకు."

గున్నేశ్వరరావు కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. తల ఎత్తకుండానే పాపాయి చెప్పినదంతా చెప్పాడు. తండ్రి, ఆ గోడ, ఆ నవ్వు. రాజరాజేశ్వరి గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"అత్తయ్యగారికి తెలుసా?"

"తెలీదు."

"అయ్యో దేవుడా," అంది ఆవిడ. "మావగారు పోయాక ఆవిడ ఇరవయ్యేళ్ళు మిరపకాయ ముట్టుకోలేదండీ. నా చేతి కారమే ఆయన్ని తినేసిందే, నేనే చంపుకున్నానే అంటూనే కన్నుమూసింది. నా ఒళ్ళోనే పోయింది."

వీధిలో అరటిపళ్ళ బండివాడు కేకేసుకుంటూ వెళ్ళాడు. రాజరాజేశ్వరి ముక్కు చీదుకుని, ఆయన ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. ముప్ఫయ్యేళ్ళలో ఆయన తింటుండగా ఆవిడ ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"ఒట్లూ గిట్లూ నాకొద్దు. ఇకమీదట ఏ గడ్డి తిన్నా నాకు చెప్పి తినండి," అని, ఇంకో గరిటెడు పప్పు ఆయన కంచంలో గుమ్మరించింది.